కంచె పక్క నాలుగడుగులు

మురియెల్‌కు, నేను క్షేమం. మోకాళ్లు ఇంకా మాట వింటున్నాయి.

మూడు రోజులుగా ఒక్క కారూ ఎదురు కాలేదు. పాత రైలు కట్ట మీదా, పొలాల అంచులనా అంతా సైకిలు దారే. నిన్న ఒక ఊళ్లో ఆ దారి గోధుమ చేను పక్కగా పోయింది. గేటు దగ్గర మంచినీళ్లిచ్చిన ముసలమ్మను, "దారికి స్థలం ఎవరిచ్చారు?" అని అడిగాను.

"నేనే. నాలుగడుగులు పోతే నా చేనేం చచ్చిపోతుందా నాయనా? పిల్లలు రోడ్డెక్కకుండా బడికి పోతున్నారు" అంది.

చెంబు ఆమె చేతికిచ్చి సైకిలెక్కాను. మన కంచె పక్క అలాంటి దారే అడిగిన ఊరివాళ్లను నేను కసిరి పంపాను. మరుసటి ఏడే కదా, మన కంచె అవతలి రోడ్డున సైకిలు మీద వెళుతున్న టీచరు హెట్టీని లారీ గుద్ది చంపింది. అప్పుడు నువ్వు నన్నొక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది.

కుంటి గొర్రెకు మందు రాస్తున్నావా? కోళ్ల గూటి గడియ సరిగ్గా పడదు, చూసుకో. స్థలం ఇస్తానని ఊరి పెద్దలకు కబురు చెయ్యి. హెట్టీ తల్లికి మాత్రం నువ్వేమీ చెప్పకు. శనివారం వచ్చి నేనే వెళతాను. ఆమె ఏమన్నా నిలబడి వింటాను.

మనవరాలికి ముద్దులు.

నీ క్లిఫర్డ్