గులాబ్ బీ సెలవు

రెజిమెంటల్ బజార్,
సికింద్రాబాదు,
27 ఫిబ్రవరి 1949, ఆదివారం.

ప్రియమైన అమ్మకు నీ పెద్దబిడ్డ ప్రేమమణి వందనాలు. దేవుని దయవల్ల నా ఒంట్లో బాగానే ఉంది. దోర్నకల్లులో నువ్వు, తమ్ముడు, మరదలు, పిల్లలు అందరూ చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. నీ కళ్లకు శ్రమ లేకుండా ఈసారి అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. ఎవరిచేతా చదివించుకోకు. రెండు రోజులు పట్టినా సరే, నువ్వే నెమ్మదిగా చదువుకో.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. దగ్గు తగ్గింది. నువ్వు పంపిన మిరియాల పొడి ఇంకా సగం సీసా ఉంది. ఊరు నిమ్మళంగానే ఉంది. మిలిటరీ లారీలు మునుపటంత తిరగడం లేదు, దుకాణాలు చీకటి పడేదాకా తెరిచే ఉంటున్నాయి. ఇక బడి సంగతి. "సమ్మె అయినన్నాళ్లూ చిన్నపిల్లలచేత నీళ్లు మోయించావా?" అని కోపంగా రాశావు. లేదమ్మా, మోయించలేదు. ముప్పై ఏళ్లు బోర్డింగులో ఆయాగా చేసిన నీకు ఆ కోపం వస్తుందని నాకు తెలుసు.

సమ్మె ఎందుకు వచ్చిందో నీకు సరిగ్గా రాయలేదు. మా బడిలో గులాబ్ బీ అని ఆయా ఉంది. పొద్దున్నే ఇంటింటికీ తిరిగి చిన్నపిల్లలను తీసుకురావడం, సాయంత్రం దిగబెట్టడం ఆమె పని. మొన్నటి పోలీసు యాక్షను గొడవల్లో బీదరు వైపు పల్లెలో ఆమె అక్క సంసారమంతా పోయింది. అక్క ఒక్కతే బతికి ఉందని జనవరిలో కబురు వచ్చింది. గులాబ్ బీ వెళ్లి, వెతికి, తీసుకుని వచ్చేసరికి మూడు వారాలు దాటింది. చెప్పకుండా వెళ్లిందని కమిటీవాళ్లు ఆమెను పనిలోంచి తీసేశారు. ఆమెను మళ్లీ పనిలోకి తీసుకునేదాకా మేమూ పని చెయ్యబోమని చప్రాసి భద్రయ్య, నీళ్లు మోసే ఫకీర్, ఊడ్చే బుచ్చమ్మ ఈ నెల ఏడో తారీకు నుంచి గేటు బయట కూర్చున్నారు. గులాబ్ బీ వాళ్ల పక్కన కూర్చుంది.

మొదటి రోజు గంట కొట్టేవాళ్లు లేరు. ఇంగ్లీషు చెప్పే మేబెల్ టీచరు తాను కొడతానంది. ఆమె మౌలాలి రైల్వే కాలనీ ఆంగ్లో ఇండియన్ పిల్ల, వాళ్ల నాన్న ఇంజను డ్రైవరు. గంటగా వేలాడదీసిన రైలు పట్టాముక్కను ఆమె కొట్టిన కొట్టుడుకు పక్కవీధివాళ్లు నిప్పంటుకుందేమోనని పరుగెత్తి వచ్చారు. నీళ్లు నేనూ, మరో ఇద్దరు టీచర్లూ వీధి పంపు దగ్గర పట్టి తెచ్చాం. పొద్దున ఆరింటికే బయలుదేరి చిన్నపిల్లలను నేనే పోగుచేసుకుని వచ్చేదాన్ని. వాళ్లు గేటు దాకా నా చెయ్యి పట్టుకుని వచ్చి, అక్కడ విడిపించుకుని గులాబ్ బీ దగ్గరికి ఉరికేవాళ్లు. ఆమె ఊడిన రిబ్బన్లు కట్టి, ముక్కులు తుడిచి, "పోండ్రి, లోపలికి పోండ్రి" అని పంపించి మళ్లీ గోడవారకు వెళ్లి కూర్చునేది. నన్ను చూసి రోజూ సలాం చేసేది.

నాలుగో రోజుకు మరుగుదొడ్ల దగ్గరికి పోలేని పరిస్థితి వచ్చింది. టీచర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను కొంగు నడుముకు చుట్టి చీపురు తీశాను. నా వెనకే మేబెల్ ఫినాయిలు బకెట్టుతో వచ్చింది. బయటికి వస్తుంటే గేటు సందులోంచి బుచ్చమ్మ చూసింది.

"అమ్మా, మీకెందుకీ తక్లీఫ్? గులాబ్ బీని రానియ్యుండ్రి. ఇప్పుడే వచ్చి నేను చెయ్యనా?" అంది.

నేను చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయాను.

మా కమిటీ సెక్రటరీ జ్ఞానశేఖర్ గారు ఆ సాయంత్రం వచ్చి, "మీలాంటి పెద్ద టీచరు ఉంటే సమ్మె నెలరోజులు సాగినా మాకు భయం లేదు" అని అందరి ముందూ మెచ్చుకున్నారు. ఆ మాట నీకు కిందటి ఉత్తరంలో రాశాను. నువ్వు సంతోషించావు. చర్చిలో అందరికీ చెప్పానని కూడా రాశావు.

అమ్మా, ఇక్కడిదాకా రాసి చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను. ఇప్పుడు రాసేది నువ్వు ఎవరికీ చెప్పుకోలేవు.

గులాబ్ బీ చెప్పకుండా వెళ్లలేదు. నాకు చెప్పే వెళ్లింది. కబురు వచ్చిన రోజు బడి వదిలాక నా గదికి వచ్చి, "అమ్మా, జెర సెలవు కావాలె. మా అక్క ఒక్కతే మిగిలిందంట. ఎన్నిరోజులైతదో తెల్వదు" అంది. ఏడవలేదు. గుమ్మం పట్టుకుని నిలబడింది. "వెళ్లు గులాబ్ బీ, కమిటీకి నేను చెబుతాను" అన్నాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది.

వారం తిరక్కుండా జ్ఞానశేఖర్ గారు, ఇంకో ఇద్దరు కమిటీవాళ్లు వచ్చారు. "ఈ రోజుల్లో వాళ్ల మనిషి ఎక్కడికి పోయిందో, ఎవరిని కలుస్తోందో! ఎవరు పంపించారు? మీరు సెలవిచ్చారా?" అని అడిగారు. నేను హెడ్మిస్ట్రెస్ కుర్చీలోకి వచ్చి ఏడు నెలలే అయింది. వాళ్లలో ఒకాయన నన్నే చూస్తున్నాడు. "నాకు తెలియదండీ" అన్నాను. అంతే. ఆ ఒక్క మాటతో ఆమె పని పోయింది. ఆ తరువాత నీళ్లు మోసినా, దొడ్లు కడిగినా, ఆ మాట చెరగలేదు. దిద్దుకుందామనుకున్నాను, రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని వాయిదా వేశాను.

నాన్న చనిపోయిన వారం నువ్వు సెలవు కోసం ఎవరెవరి గడప ఎక్కావో నాకు గుర్తుంది. నీ కొంగు పట్టుకుని నేనూ వచ్చాను. అవన్నీ చూసినదాన్ని, ఈ పని చేశాను.

పదో రోజు, అంటే పదహారో తారీకు సాయంత్రం, జ్ఞానశేఖర్ గారు నా బల్ల ముందు కూర్చుని పోలీసులకు కాగితం రాయడం మొదలుపెట్టారు. "ఇది కమ్యూనిస్టుల పని. భద్రయ్యను పట్టుకుపోతే మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే లోపలికొస్తారు" అన్నారు. అట్లా పట్టుకుపోయినవాళ్లు మళ్లీ ఎప్పుడొస్తారో మీ వైపు మనుషులకే బాగా తెలుసు. భద్రయ్యకు తన పేరు రాయడం కూడా రాదమ్మా.

"ఆగండి" అన్నాను. "గులాబ్ బీ నన్ను అడిగే వెళ్లింది. వెళ్లమన్నది నేనే."

ఆయన తలెత్తారు. "మరి ఆ రోజు తెలియదన్నారు?"

"భయపడి అబద్ధం చెప్పాను."

రాస్తున్న కాగితాన్ని పక్కకు జరిపారు. తరువాత, "ఇదే మాట కాగితం మీద రాసిస్తారా?" అన్నారు. ఆయన చేతిలోని కలమే తీసుకుని రాసిచ్చాను. ఆయన పోలీసులకు రాస్తున్న కాగితాన్ని చింపి జేబులో పెట్టుకున్నారు. మంచివాడో చెడ్డవాడో నాకిప్పటికీ తెలియదు కాని, ఆ కాగితం మాత్రం పంపలేదు.

మర్నాడు పొద్దున గంట భద్రయ్యే కొట్టాడు. గులాబ్ బీ పిల్లలను వెంటబెట్టుకుని వచ్చింది. కమిటీవాళ్లు ఆమెను మళ్లీ పనిలోకి తీసుకున్నారు, నా సంగతి వేసవి సెలవుల్లో తేలుస్తామన్నారు. జూన్‌లో ఈ కుర్చీలో నేనుండకపోవచ్చు. మూడో తరగతి చెప్పుకోమంటే చెప్పుకుంటాను. పొమ్మంటే నీ దగ్గరికే వస్తాను.

ఆ సాయంత్రమే గులాబ్ బీ ఇంటికి వెళ్లాను. ఒకటే గది. వాళ్లక్క గోడవైపు తిరిగి కూర్చుంది, ఎవరొచ్చినా తిరగదట. నేను గుమ్మంలోనే నిలబడి, "నీకు అన్యాయం చేశాను, క్షమించు" అన్నాను. గులాబ్ బీ చాప వేసింది, టీ పెట్టింది.

"నేను సెలవిచ్చానని భద్రయ్యవాళ్లకైనా ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"చెప్పిన. భద్రయ్యకు మొదటి రోజే చెప్పిన. టీచరమ్మ పేరు బయట పెట్టద్దు, ఆమెనే చెప్తది అన్న. రోజు మీ మొకం దిక్కు చూసుకుంట కూసున్న." టీ గ్లాసు నా ముందుకు జరిపి, "జెర ఆలస్యమైంది అమ్మా" అంది.

క్షమించానని అనలేదు. నేనూ మళ్లీ అడగలేదు. ఇద్దరం టీ తాగాం.

మొన్న శుక్రవారం ఆమె నా గదికి వచ్చింది. అక్కను పెద్దాసుపత్రిలో చూపించాలట, రెండు రోజులు సెలవు కావాలంది. "వెళ్లు గులాబ్ బీ, నేను చెబుతాను" అనబోయాను. అంతలోనే ఆమె నెమ్మదిగా, చిన్నపిల్లలతో మాట్లాడినట్టు, "ఈసారి కాయితం మీద రాసియ్యుండ్రి అమ్మా" అంది.

పేరు, తేదీలు, కారణం అన్నీ రాసి, సంతకం పెట్టి, బడి ముద్ర వేసి ఇచ్చాను. ఆమెకు చదవడం రాదు. వరండాలోకి వెళ్లి మేబెల్ చేత చదివించుకుంది. మేబెల్ తన వచ్చీరాని తెలుగులో ఒక్కొక్క మాటే కూడబలుక్కుని చదువుతుంటే, గులాబ్ బీ తలవంచుకుని చివరిదాకా విన్నది. తరువాత కాగితం మడిచి రవికలో పెట్టుకుని వెళ్లిపోయింది.

నువ్వు నన్ను ఏమంటావో ఉన్నదున్నట్టు రాయి అమ్మా. తిట్టినా సరే, దాచుకోకు.

ఇట్లు,
నీ పెద్దబిడ్డ
ప్రేమమణి