అందరం ఆటో అని అరిచాం

మంగళవారం రాత్రి, మార్చి 2004

పొద్దున కొట్లో మిర్చి బస్తా ఎత్తుతూ మా హమాలీ మస్తాన్ గుండె పట్టుకుని కూలబడ్డాడు. "ఒరేయ్, ఆటో పిలవండ్రా!" అని అరిచాను. అందరూ అదే అరిచారు. ఎవరో ఒకరు వెళ్ళే ఉంటారనుకుని అందరం అతని చుట్టూనే నిలబడ్డాం. చివరికి మస్తానే కళ్ళు మూసుకుని, "ఒరేయ్ శీనయ్యా, నువ్వెళ్ళరా" అన్నాడు. అప్పుడు పరిగెత్తాడు తోటి హమాలీ శీనయ్య.

ఆస్పత్రిలో డాక్టరుగారు నర్సుల్ని ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి పని చెప్పారు. వాళ్ళు చేసేసి, "అయిందండీ" అని పైకి చెప్పారు. గోడకానుకుని చూస్తూ ఉండిపోయాను. ఏడుపు కూడా రాలేదు.

మస్తాన్‌కి ఇంకా స్పృహ రాలేదు. వాళ్ళావిడ హసీనా అడిగింది: "వెంటనే తీసుకొచ్చారు కదన్నా?"

"వెంటనేనమ్మా" అన్నాను.