సమ్మక్క విన్న పాట

వరంగల్, 1986 జూలై, మంగళవారం

గుండె ఆపరేషన్‌కు నిద్రమందు కలపకుండా ఒక్క నొప్పిమందుతోనే మత్తు ఇవ్వడానికి మార్ఫిన్ మేలా, ఫెంటనిల్ మేలా అని మా విభాగంలో పోల్చి చూస్తున్నాం. ఒకరికి అది, తర్వాతివారికి ఇది. మొన్న శుక్రవారం మగ్గం నేసే సమ్మక్కకు ఫెంటనిల్ వంతు వచ్చింది. బీపీ, నాడి ఎక్కడా చెదరలేదు. ఎంత సంతోషించానో.

ఈ సాయంత్రం వార్డుకు వెళ్తే నన్ను చూసి నవ్వింది. “డాక్టరమ్మా, మా అత్త మగ్గం కాడ మీ లెక్కనే పాడుతది. జర రాగమే మీకు తక్కువున్నది.”

“ఎప్పుడు విన్నవు సమ్మక్కా?”

“లోపలనే. యేసయ్య పాట పాడుకుంట కూసున్నరు గదా.”

రోగి నిద్రపోయి, ఛాతీ తెరిచాక, చేత్తో బ్యాగు నొక్కి ఊపిరి ఇస్తున్నప్పుడు మాత్రమే నేను కూనిరాగం తీస్తాను. అంతకుముందు ఎన్నడూ నోరు విప్పను. అంటే ఛాతీ తెరిచి ఉండగా ఆమె మెలకువగా ఉంది. కండరాలు కదలకుండా మందిచ్చాం కనుక వేలైనా ఎత్తలేకపోయింది.

మా చీఫ్‌తో చెప్పాను. “నాడి నిలకడగున్నది గదమ్మా, కలగన్నదేమో. ఫికర్ చెయ్యకు” అన్నారు. ఆ నిలకడే ఇప్పుడు నన్ను భయపెడుతోంది. రోగి మెలకువగా ఉన్నా నాడి చెప్పదన్నమాట. మార్ఫిన్ ఇచ్చినవాళ్లను మాత్రం లోపల ఏమైనా విన్నారా అని ఎవరం అడిగాం?

రేపటి నుంచి నిద్రమందు కూడా కలుపుతానని ఆయనకు తేల్చి చెప్పాలి. మా రెండు మందుల పోలిక చెడితే చెడనీ.

నొప్పి తెలిసిందా అని అడగడానికి నాకు నోరు రాలేదు. సమ్మక్క కూడా ఆ మాట ఎత్తలేదు. పాట గురించే చెప్పింది. నా కోసమేనేమో...