బిక్షపతి డ్రమ్స్‌తో నా యాభై రెండు రోజుల దీక్ష

అక్టోబర్ 2, గురువారం. విజయదశమి
ఉదయం 6.10

ఈ రోజు నుంచి గిరిప్రసాద్ వేరే మనిషి!

నిన్న మా పైపుల ఫ్యాక్టరీలో ఆయుధ పూజకి బిక్షపతి వచ్చాడు. నాచారంలో మా దగ్గరే ముప్పై ఏళ్లు మెషీన్ నడిపి రిటైరైన మనిషి. సెలవు దొరికితే చాలు, ఆర్కెస్ట్రాలో డ్రమ్స్ వాయించేవాడు. 1984లో కొన్న సెట్టు ఇప్పటికీ చెంగిచెర్లలో వాళ్లింటి మెట్ల కింద ఉందట. నవంబర్ 23న ఆ పాత ఆర్కెస్ట్రా వాళ్లంతా ఉప్పల్‌లో ఒక ఫంక్షన్ హాల్లో కలుసుకుంటున్నారు. ఆయనకి డెబ్బై రెండు నిండాయి. టీ కప్పు పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది.

“గదే ఆఖరుసారి సార్. స్వర్ణమ్మ పాడ్తది, ఎనక నేను కొడ్త. మల్ల ఈ చేతులతోని కాదు. జర తుడిచి, రెండు తోళ్లు మార్పిస్తే సాలు. లాలాపేట్‌ల బ్యాండు సామాన్లు బాగుజేసేటాయన ఉన్నడు, ఆయనకిస్త,” అన్నాడు.

లాలాపేట్ ఎందుకు? నేను బతికుండగా?

“నాకివ్వన్నా. పూర్తిగా విప్పి, మళ్లీ కట్టి, షోరూమ్‌లోంచి తెచ్చినట్టు చేసి ఇస్తాను. ఆ రోజు వాయించుకో. తర్వాత నాకే ఇచ్చెయ్, నేర్చుకుంటాను,” అన్నాను. మూడు వారాలుగా పాత డ్రమ్స్ బాగుచేసే వీడియోలు చూస్తున్నాను. ఇందులో నాకు తెలియనిది లేదు.

“తోళ్లు మారుస్తే సాలు సార్,” అని మళ్లీ అన్నాడు. పాపం, ఆయనకి రిస్టోరేషన్ అంటే తెలియదు.

మా ఆవిడ రాజశ్రీకి చెప్పాను. టీచర్ కదా, ఒక్క ప్రశ్నే వేసింది. “గిటారు ఏమైంది?”

గిటారు గురించి ఇప్పుడెందుకు!

అక్టోబర్ 5, ఆదివారం

సెట్టు వచ్చింది! పెద్ద డ్రమ్ము ఒకటి, చిన్నవి మూడు, పళ్లెం లాంటి సింబల్స్ రెండు, స్టాండ్లు, స్టూలు.

ఎక్కడ పెట్టాలన్నది సమస్య. ఈశాన్యంలో బరువు పనికిరాదు. నైరుతిలో బీరువా ఉంది. ఆగ్నేయంలో వంటిల్లు, అక్కడ రాజశ్రీ ఉంది. చివరికి బాల్కనీ. పసుపు, కుంకుమ పెట్టి, పెడల్ కింద నిమ్మకాయ పెట్టి తొక్కాను. చిట్లి రసం కంట్లో పడింది. శుభసూచకమే అనుకుంటాను.

బిక్షపతి ఒక చిన్న ఇనుప తాళంచెవి చేతిలో పెట్టాడు. డ్రమ్ము స్క్రూలు తిప్పేది. “గిది పోగొట్టకు సార్. గిది లేకుంటె ఏదీ కదలదు.”

మా ఆఫీసులో నేను క్వాలిటీ కంట్రోల్. నాకు చెప్పాలా?

అక్టోబర్ 8, బుధవారం
ఉదయం 5.30 – 8.45

కొన్నవి: కళ్లద్దాలు, చేతి తొడుగులు, ఏప్రన్, మాస్కు, హెడ్‌లైట్. అన్నీ వేసుకుని ఫొటో దిగి స్టేటస్ పెట్టాను. యాభై ఏడు మంది చూశారు!

తర్వాత పూర్తిగా విప్పేశాను! అరవై నాలుగు స్క్రూలు! వీడియోలో ఆయన ఒక్కో స్క్రూని ఒక్కో డబ్బాలో వేసి పేరు రాస్తాడు. అంత అవసరం లేదు. అన్నీ ఒకే ఆవకాయ సీసాలో వేశాను. ఏది ఎక్కడిదో నాకు గుర్తుంటుంది.

అక్టోబర్ 12, ఆదివారం

నా జీవితంలో అత్యంత ఫలవంతమైన రోజు.

సింబల్స్ నల్లగా, మచ్చలుమచ్చలుగా ఉన్నాయి. నలభై ఏళ్ల మురికి! మా అమ్మ దీపపు కుందులు ఎలా తోమేదో గుర్తొచ్చింది. చింతపండు, ఉప్పు, కొబ్బరి పీచు. రెండు గంటలు తోమాను. బంగారం! మొహం కనిపిస్తోంది!

ఒకదాని అంచున మాత్రం ఎర్రటి మచ్చ ఎంతకీ పోలేదు. ఎవడో పెయింటు చిందించినట్టున్నాడు. బ్లేడు పెట్టి గీకి పారేశాను. ఇలాంటి చిన్న విషయాల్లోనే పనివాడి శ్రద్ధ తెలుస్తుంది.

సాయంత్రం బిక్షపతి ఫోన్. “ఏడిదాంక అచ్చింది సార్?”

“సగం పైన అయిపోయిందన్నా!”

విప్పడం సగం పని. కాబట్టి అబద్ధం కాదు.

అక్టోబర్ 17, శుక్రవారం

ఈ వారం ఆఫీసులో ఆడిట్. పని లేదు. అంటే పని ఉంది, ఈ పని లేదు.

అక్టోబర్ 20, సోమవారం. దీపావళి

పండగ రోజు పనిముట్లు ముట్టుకోకూడదు. ఎవరు చెప్పారో గుర్తులేదు, ఎవరో చెప్పారు.

అక్టోబర్ 26, ఆదివారం
ఉదయం 9.00

ఈ రోజు బిగించడం మొదలుపెట్టాలి!

9.20. తాళంచెవి కనపడలేదు.

11.40. ఇల్లంతా వెతికాను. జాగ్రత్తగా ఒక చోట పెట్టిన గుర్తు. ఆ చోటే గుర్తు రావడం లేదు.

1.00. భోజనం.

4.30. నిద్ర లేచాను.

ఆన్‌లైన్లో కొత్తది పెట్టాను. వారంలో వస్తుంది. ఈ వారం పని ఆగిపోవడం నా తప్పు కాదని ఇక్కడ స్పష్టంగా రాసి పెడుతున్నాను.

బిక్షపతి ఫోన్. “స్వర్ణమ్మ నాగోల్‌ల బిడ్డ దగ్గరికచ్చింది సార్. రోజు ప్రాక్టీసు జేస్తున్నదంట. నేను స్టీలు డబ్బల మీద కొడ్తున్న.”

“పాలిష్‌లో ఉందన్నా!” అన్నాను. ఆయన అంత సంతోషపడతాడని అనుకోలేదు. ఫోన్ పెట్టాక కాసేపు బాల్కనీ వైపు వెళ్లలేదు.

నవంబర్ 2, ఆదివారం

కొత్త తాళంచెవి వచ్చింది. సైజు సరిపోలేదు. ఈ దేశంలో నాణ్యత లేదు!

నవంబర్ 5, బుధవారం. కార్తీక పౌర్ణమి

రాజశ్రీ బాల్కనీలో దీపాలు పెడతానంది. డ్రమ్స్ అడ్డం. “తీసేయనా, తీస్తారా?” అంది. తీశాను. కొన్ని మంచం కిందికి, కొన్ని సోఫా వెనక్కి వెళ్లాయి.

ప్రస్తుత పరిస్థితి:
స్టాండ్లు – చీరలు ఆరేయడానికి.
స్టూలు – అటక అందుకోవడానికి.
పెద్ద డ్రమ్ము – ఉల్లిపాయలు. (గాలి బాగా ఆడుతుందట.)
మెరిసే సింబల్ – రాజశ్రీ దాని మీదికి పిండి జల్లిస్తుంటే చూశాను.

నవంబర్ 9, ఆదివారం

వనభోజనాలు. బస్సులో ఉండగా బిక్షపతి ఫోన్. బస్సులో సరిగ్గా వినపడదు కదా, ఎత్తలేదు.

బస్సు దిగాక కూడా ఎత్తలేదు.

నవంబర్ 12, బుధవారం

ఆవకాయ సీసా ముందు గంటసేపు కూర్చున్నాను. అరవై నాలుగు స్క్రూలు. నాలుగు పొడవులు. ఏ ఒక్కటీ గుర్తు రాలేదు.

అసలు నిజాయితీగా ఆలోచిస్తే, ఒక మనిషి ఆఖరిసారి వాయించుకోవడానికి కొత్త సెట్టు అద్దెకి తీసుకుంటే ఇంకా గౌరవంగా ఉంటుంది. పాత వస్తువుల మీద మమకారం మంచిది కాదు. ఈ మాట ఆయనకి ఎలా చెప్పాలో ఆలోచిస్తున్నాను.

నవంబర్ 16, ఆదివారం
ఉదయం 10.15

ఫోన్ మోగింది. బిక్షపతి. ఈ వారంలో ఆరోసారి.

“స్నానం చేస్తున్నానని చెప్పు,” అని రాజశ్రీకి సైగ చేశాను.

“సోమవారం నుంచీ స్నానమే చేస్తున్నారని చెప్పమంటారా?” అంది, పైకే. ఫోన్ తీసుకుని వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. పావుగంట మాట్లాడింది.

“ఏమన్నాడు?”

“ఏమీ అనలేదు. నేనే అన్నాను,” అంది. ఏమందో అడగడానికి నాకు భయమేసింది.

నవంబర్ 22, శనివారం
ఉదయం 10.05

తలుపు తీస్తే బిక్షపతి. చేతిలో లాలాపేట్ నుంచి తెచ్చిన కొత్త తోళ్లు రెండు.

“లోపటికి రావచ్చా సార్? స్నానమైందా?”

నేల రెండుగా చీలి నన్ను మింగితే బాగుండుననిపించింది. మూడో అంతస్తు కాబట్టి కింద జగన్మోహన్ గారింట్లో పడేవాణ్ణి.

మంచం కింది నుంచీ, సోఫా వెనక నుంచీ అన్నీ లాగి హాల్లో పెట్టాను. పెద్ద డ్రమ్ములోకి తొంగి చూశాడు. “ఉల్లిగడ్డలు మంచిగున్నయ్. ఒక్కటి గూడ ఖరాబ్ కాలె,” అన్నాడు. రాజశ్రీ తల దించుకుని ఉల్లిపాయలు బుట్టలోకి తీసేసింది.

ఆయన నేల మీద కూర్చుని సీసాని పేపర్ మీద బోర్లించాడు. మొలతాడుకి కట్టుకున్న గుత్తిలోంచి అలాంటి తాళంచెవే ఇంకొకటి తీశాడు. నలభై ఏళ్లుగా అక్కడే ఉందట. వణికే చేత్తోనే స్క్రూలు ఏరడం మొదలుపెట్టాడు. “గిది పెద్దదానిది. గిది కాలుది. గిది... గిది మనది గాదు సార్, మీ మంచానిదేమో.”

తిట్టలేదు. ఒక్క మాట కూడా. తిడితే ఎంత బాగుండేది.

11.50. సింబల్ చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పాడు. మొదటిసారి ఆయన మొహం మారింది.

“సుక్క ఏది సార్?”

“ఏ చుక్క?”

“ఎర్ర సుక్క. గీడ సన్నటి పగులున్నది, కండ్లకు కానరాదు. గాడ కొడ్తే మొత్తం చీలిపోతది. ఎనభై ఏడుల స్వర్ణమ్మ తన గోర్ల రంగు పెట్టింది. బిక్షపతీ, ఈడ కొట్టకురా అని.”

మచ్చ. బ్లేడు. పనివాడి శ్రద్ధ.

“నేనే గీకేశాను,” అన్నాను. ఈ సెట్టు గురించి ఆయనకి నేను చెప్పిన మొదటి నిజం అదే.

ఆయన సింబల్‌ని వేలి మీద నిలబెట్టి, చెవి దగ్గర పెట్టుకుని, అంచు చుట్టూ గోటితో కొడుతూ వచ్చాడు. టింగ్. టింగ్. టింగ్. ఒక చోట శబ్దం బొంగురుపోయింది. అక్కడ బొటనవేలు పెట్టి ఉంచాడు. రాజశ్రీ ఎవరూ అడక్కుండానే లోపలికి వెళ్లి తన గోళ్ల రంగు సీసా తెచ్చింది.

“నువ్వే పెట్టు సార్. నా చెయ్యి ఒణుకుతది.”

ఊపిరి బిగబట్టి పెట్టాను. గుండ్రంగానే వచ్చింది.

1.10కి సెట్టు నిలబడింది. నలభై రోజులకి పైగా ముక్కలై పడి ఉన్న సెట్టు, మూడు గంటల్లో. అసలు దానికి తోళ్లు తప్ప ఏ రోగమూ లేదు. ఇన్ని రోజుల్లో నేను చేసిన రిస్టోరేషన్ మొత్తం లెక్క వేస్తే, ఒక చుక్క.

నవంబర్ 23, ఆదివారం
సాయంత్రం, ఉప్పల్

హాల్లో అరవై, డెబ్బై మంది. అందరిదీ నెరిసిన జుట్టో, రంగేసిన జుట్టో. స్వర్ణలత గారు, అంటే బిక్షపతి చెప్పే స్వర్ణమ్మ, పట్టుచీరలో, చేతికర్రతో వచ్చారు. పాడటం మొదలుపెట్టాక కర్ర పక్కన పెట్టేశారు.

బిక్షపతి గారు వాయించారు. చెయ్యి వణికింది. రెండుసార్లు తాళం జారింది, ఆవిడ పాటని సాగదీసి ఆయన కోసం ఆగారు. కానీ గంటన్నరలో ఆ చుక్క మీద ఒక్క దెబ్బ కూడా పడలేదు. నేను ఆ చుక్క తప్ప ఇంకేమీ చూడలేదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇక్కడ రాసుకోవడానికి సిగ్గెందుకు.

తర్వాత ఆయన మైకు తీసుకున్నారు. నేను తలుపు ఎటుందో చూసుకున్నాను.

“గీ సెట్టు గిట్ల నిలవడ్డదంటే గిరిప్రసాద్ సార్ వల్ల. నెలన్నర ఇంట్ల వెట్టుకున్నడు. సార్‌కు శాలువా కప్పాలె!”

చప్పట్లు! నన్ను స్టేజీ ఎక్కించారు. మెరూన్ శాలువా, జరీ అంచు. మైకు నా నోటి ముందు, నాలుగంగుళాల దూరంలో. నిజం చెప్పడానికి రెండు వాక్యాలు చాలు. మనసులో సిద్ధంగా కూడా ఉన్నాయి.

“అంతా పెద్దల ఆశీర్వాదం,” అన్నాను.

అందరూ ఆపేశాక కూడా ముందు వరసలో ఒక్కరు చప్పట్లు కొడుతూనే ఉన్నారు. రాజశ్రీ.

శాలువా సర్దుతున్నట్టు వంగి బిక్షపతి గారు నా చెవిలో అన్నారు. “మాటంటే మాట సార్. రేపు సెట్టు మీ ఇంటికొస్తది. ఇగ ఇప్పకు. కొట్టు. కొట్టకపోతెనే ఖరాబైతది.”

అవమానించినా ఇంత బరువుగా ఉండేది కాదు.

నవంబర్ 24, సోమవారం
ఉదయం 7.40

ఈ రోజు నుంచి గిరిప్రసాద్ వేరే మనిషి!

సెట్టు వచ్చింది. ఈసారి ఒక్క స్క్రూ కూడా ముట్టుకోను. నేర్చుకుంటాను. వచ్చే దసరాకి బిక్షపతి గారిని కూర్చోబెట్టి ఆయన ముందు వాయిస్తాను. ఇది ప్రతిజ్ఞ.

ప్రణాళిక:
1. రోజూ ఉదయం 5.30 నుంచి గంట సాధన. ఈ రోజు ఎలాగూ దాటిపోయింది.
2. జగన్మోహన్ గారికి ఇబ్బంది కలగకుండా కింద రబ్బరు షీటు. అది వచ్చేదాకా ఆగాలి.
3. మంచి కర్రలు. వీడియోలు చూసి ఎంచుకోవాలి.
4. పాత తాళంచెవి దొరికింది! దేవుడి గూట్లో, నేనే కుంకుమ పెట్టి ఉంచాను.
5. బిక్షపతి గారికి ఫోన్ చేసి నేర్పమని అడగాలి. ముందు మనమే కొంచెం నేర్చుకుని అడిగితే బాగుంటుందేమో.

8.15. ఆఫీసుకి బయల్దేరుతూ చూశాను. బాల్కనీలో దుమ్ము బాగా వస్తోంది. పైన ఏదైనా కప్పాలి.

శాలువా సరిగ్గా సరిపోయింది.