గట్టు తెగిన గోధుమచేను

హేయ్‌నీ గ్రామం,
హేయ్‌లుంగ్‌చియాంగ్,
మే 2, 1984.

చిరంజీవి చాంగ్‌కెంగ్‌ను మనసారా దీవించి అమ్మ రాయించే ఉత్తరం.

ఇక్కడ అందరం ప్రాణాలతో ఉన్నాం. మిగతావన్నీ తర్వాత, ముందు ఆ ముక్క రాయమన్నాను. అందరం అంటే మన దిగువ చేను శాంగ్ వెన్‌ఫు కూడా. నువ్వు అతన్ని చంపలేదురా. చచ్చాడనుకుని పారిపోయావు. కుడిచెయ్యి పనికి రాకుండా పోయింది, నెత్తి మీద కుట్లు పడ్డాయి, కానీ బతికాడు. ఇప్పుడు కాసేపు కూర్చుని ఊపిరి పీల్చుకో.

కొండ మీంచి దుంగలు తెచ్చిన బండివాడు చెప్పాడు, నువ్వు మీ మామయ్య దగ్గర చెట్లు కొడుతున్నావని. ముద్ద దిగడం లేదట, ఎవరైనా వెనక నుంచి పిలిస్తే ఉలిక్కిపడుతున్నావట. విని నాకూ ముద్ద దిగలేదు. నీకు తెలిసింది సగమే. ఆ సగాన్నే గుండెల మీద పెట్టుకుని మోస్తున్నావు. మిగతా సగం నేను చెబుతాను.

ఈ ఏడాది వసంతం ఎలా వచ్చిందో నువ్వూ చూశావు. నిరుడు శరదృతువులో కురిసిన వాన నేలలోనే గడ్డకట్టింది. దాని మీద మంచు కరిగింది, ఆ మీద మళ్ళీ మంచువాన. నీళ్ళు కిందికి ఇంకక, పక్కకి పోక, మన చేను చెరువైపోయింది. పైన నాలుగు వేళ్ళ మందం మెత్తబడి కింద మంచు గట్టిగా ఉన్నన్నాళ్ళే గోధుమ విత్తడం. ఆ మంచు కూడా కరిగితే గుర్రం పొట్ట దాకా కూరుకుపోతుంది, ఆ ఏటికి గోధుమ లేనట్టే. మీ నాన్న పొద్దున లేవగానే చేలోకి వెళ్ళి ఇనుప కడ్డీ దిగేసి చూసేవాడు. కడ్డీ ఇవాళ నిన్నటికంటే లోతుకు దిగిందంటే ఆ రోజు గంటకోసారి వెళ్ళి మళ్ళీ దిగేసేవాడు.

పల్లంలో ఉన్న వెన్‌ఫు మాత్రం ఒకరోజు వాన తెరిపిస్తే చాలని భార్యతో కలిసి విత్తేశాడు. మీ నాన్నకి అదే కడుపుమంట. గట్టు కొట్టి నీళ్ళు వదిలేస్తానంటే వెన్‌ఫు ఏమన్నాడో నీకు గుర్తుందిగా. లువో అన్నా, నీ నీళ్ళు నా గింజల మీద పోస్తే రేపు ఇంటిల్లిపాదీ వచ్చి నీ కుండ ముందు కూర్చుంటాం, పెడతావా అన్నాడు. మీ నాన్న ఊరుకోవచ్చుగా. కుండెందుకురా, పందుల తొట్టి ఉంది, నాకి పోండి అన్నాడు. నీరు పల్లానికి పోవడం నేను కనిపెట్టానా అని పైగా ఒక ముక్క. ఊరి పెద్ద ఇద్దరినీ ఓపిక పట్టమన్నాడు. మనుషులు పట్టగలరేమో గానీ అదను పడుతుందా?

ఆ పొద్దున మీ ఇద్దరూ పారలు భుజాన వేసుకుని, ఎర్రగుర్రాన్ని విత్తే బండికి కట్టి బయలుదేరితే నేనూ అడ్డం చెప్పలేదు. కాచిన జావ బిందెలో పోసుకుని మీ వెనకే వస్తున్నాను. నేను వాగు దాటేసరికే గట్టు తెగింది, కేకలు వినిపిస్తున్నాయి. వెన్‌ఫు బావమరిది చీ యుంగ్ గొంతు అందరికంటే పైకి లేచింది. ముసలి లువో, మీసం చూసి మనిషివనుకున్నా, గట్లు తవ్వే ఎలకవన్నమాట అంటున్నాడు. నీ అక్క పెట్టే తిండి తిని మొరిగే కుక్కవి నువ్వు, నాకు చెప్పొచ్చావా అని మీ నాన్న.

ఆ తర్వాత దూరం నుంచి చూసిందే. యుంగ్ పారకర్రతో మీ నాన్న వీపు మీద కొట్టాడు. వెన్‌ఫు కొట్లాట పట్టించుకోకుండా గండిలోకి దిగి, గడ్డిబస్తా అడ్డం పెట్టి, తన ఒళ్ళు కూడా అడ్డం పెట్టి నీళ్ళాపుతున్నాడు. నువ్వు అతని మీదికి వెళ్ళావు. మొదటి దెబ్బకి చెయ్యి అడ్డం పెట్టాడు, విరిగిన చప్పుడు నాకు వాగు దగ్గరికి వినిపించింది. రెండో దెబ్బ తల మీద. బోర్లా పడ్డాడు. గండిలో పారే నీళ్ళు ఎర్రబడ్డాయి. నువ్వు పార విసిరేసి రోడ్డుకేసి పరుగెత్తావు. చాంగ్‌కెంగ్ అని అరిచాను, గాలికి వినపడి ఉండదు.

ఇక్కడి నుంచి నీకు తెలియనిది.

ఆ కేకలకి ఎర్రగుర్రం బెదిరి, బండితో సహా చెరువైన చేలోకి దూకింది. ఒకచోట కింద మంచు కరిగిపోయి ఉంది. ముందుకాలు దిగబడి విరిగింది. ఎముక తోలు చీల్చుకుని బయటికొచ్చింది. గుర్రం అలా అరుస్తుందని నేనెప్పుడూ వినలేదు. మీ నాన్న కొట్లాట వదిలేసి దాని దగ్గరికి పరుగెత్తి మెడ పట్టుకున్నాడు. వెనక నుంచి యుంగ్ వచ్చి పార అంచుతో తల పక్కన కొట్టాడు. చెవి తెగి వేలాడింది. మళ్ళీ పార ఎత్తేసరికి నేను పరుగున అక్కడికి చేరాను. నా చేతిలో ఉన్నది జావ బిందే కదా, పొగలు కక్కే జావంతా వాడి మొహాన కొట్టాను. కళ్ళు పట్టుకుని బురదలో పొర్లాడు. వాడి పార నేను తీసుకున్నాను. నిజం చెబుతున్నాను, వాడి మెడ మీద ఎక్కడ కొట్టాలో కూడా చూసుకున్నాను.

అప్పుడు గండిలో వెన్‌ఫు వీపు కనిపించింది. మొహం నీళ్ళలో ఉంది. చేతివేళ్ళు బురదని గోకుతున్నాయి. పార పారేసి వెళ్ళి జుట్టు పట్టుకుని లాగాను. రాలేదు, పైనుంచి గడ్డిబస్తా నొక్కేస్తోంది. దాన్ని తన్ని, చంకల కింద చేతులేసి గట్టు మీదికి ఈడ్చి, బోర్లా పడేసి, వీపు మీదెక్కి నొక్కాను. సరిగ్గా అప్పుడే అతని భార్య కుయ్‌షియాన్ చేనికడ్డంపడి వచ్చింది. మొగుడి వీపు మీద నేను కూర్చుని ఉన్నాను. ఆమె ఏమనుకుంటుంది? చంపేస్తావా ముండా అంటూ విత్తులు పూడ్చే దుంగకున్న కర్ర ఊడబెరికి నా భుజం మీద వేసింది. భుజం ముందెముక పుటుక్కుమంది. కొట్టవే, కొడితే కొట్టు, నేను లేస్తే వీడు చస్తాడు అని నేను నొక్కుతూనే ఉన్నాను. వెన్‌ఫు నోట్లోంచి బురదనీళ్ళు భళ్ళున వచ్చాయి, దగ్గాడు. కుయ్‌షియాన్ కర్ర పారేసి ఆ నీళ్ళలోనే చతికిలబడింది.

గుర్రం ఇంకా అరుస్తూనే ఉంది. దాన్ని అలా వదిలేయలేం. నేను దాని తల పట్టుకున్నాను, కుయ్‌షియాన్ గొడ్డలి తెచ్చింది. మొదటి దెబ్బ తప్పింది. సరిగ్గా కొట్టవే అని నేను అరిచాను, చూడలేకపోతున్నానక్కా అని ఆమె ఏడ్చింది. రెండో దెబ్బకి పని అయిపోయింది. ఇద్దరం నెత్తుట్లో తడిసి, దాని పక్కనే కూర్చుండిపోయాం.

మధ్యాహ్నానికి యుంగ్ వైపు చీ వాళ్ళ బంధువులు మన ఇంటి మీద పడ్డారు. కిటికీలు పగలగొట్టారు, పందిని పొడిచి చంపి వాకిట్లో పడేశారు, విత్తనపు గోధుమలో కిరసనాయిలు పోశారు. కప్పు గడ్డికి నిప్పు పెట్టబోతే మంచువాన పట్టనివ్వలేదు. ఎన్నాళ్ళుగానో తిట్టిపోసిన ఆ వానకి ఆ పూట దణ్ణం పెట్టుకున్నాను. సాయంత్రం పోలీసులొచ్చి యుంగ్‌ని పట్టుకెళ్ళారు.

అన్నిటికంటే వింత విను. గండి పూడ్చేవాళ్ళు లేక మన నీళ్ళన్నీ పల్లానికి దిగిపోయాయి. వెన్‌ఫు గింజలు కుళ్ళిపోయాయి, మన చేను తేరుకుంది. మనకి నేలుంది, విత్తనం లేదు. వాళ్ళింట్లో కాస్త విత్తనం మిగిలింది, నేల లేదు. కుయ్‌షియాన్ బస్తా నెత్తిన పెట్టుకుని మన గుమ్మంలోకొచ్చి, మీ నేల, మా గింజ, పండితే చెరిసగం, కాదంటే ఇప్పుడే తిట్టి పంపించు అంది. ముందు తిట్టాను, తర్వాత వెళ్ళాను.

గుర్రం లేదుగా, గింజలు చేత్తోనే చల్లాం. దుంగకి తాళ్ళు కట్టి మేమే ఈడ్చాం. మంచువాన మొహాన సూదుల్లా గుచ్చుతోంది, కాళ్ళు మొద్దుబారి చెప్పు ఊడినా తెలియదు. అడుగున మంచు ఇంకా మిగిలి ఉంది కాబట్టి నిలబడగలిగాం. ఎగువ సగమే అయింది. దిగువన మోకాలి లోతు దిగబడింది, వదిలేశాం. అక్కడ సోయా వేయాలి. చల్లిన గోధుమ మొలిచింది. వేలెడెత్తు లేచి పచ్చగా ఉంది, చూస్తే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి.

నువ్వు మాత్రం ఇప్పుడే రావద్దు. రోడ్లు బురద. చీ వాళ్ళ కోపం చల్లారలేదు, నీ కోపం నాకు తెలుసు. మీ నాన్నా అదే మాటంటున్నాడు. ఒక చెవి పోయినా నేను తిడితే వినపడుతోందిలే. పొయ్యి సెగ తగిలే వేడి అరుగు మీద పడుకుని, పులియబెట్టిన క్యాబేజీ మరీ పులిసిందని సణుగుతున్నాడు. కోతలప్పుడు రమ్మన్నాడు. అప్పటిదాకా మామయ్య మాట విను, తడిబట్టలతో నిద్రపోకు.

నిన్ను తిట్టడానికైనా ఎదురుచూసే
అమ్మ.

తా.క. చాంగ్‌కెంగ్, ఇక్కడి నుంచి మాట్లాడుతున్నది మీ అమ్మ కాదు. నేను, శాంగ్ వెన్‌ఫును. పైన రాసిందంతా నేనే, ఎడమచేత్తో. ఆమె ఎవరి చేతైనా రాయించుకోవాలనుకుంటుంటే నేనే వచ్చి కూర్చున్నాను. చెప్పింది చెప్పినట్టే రాశాను. ఇప్పుడామె నీళ్ళకి వెళ్ళింది.

మీ నాన్న లేడు. ఆ దెబ్బ తర్వాత కళ్ళు తెరవనే లేదు, మూడో రోజు పోయాడు. ఆయన్ని పూడ్చిన మర్నాడే మీ అమ్మ, నా భార్య కలిసి గోధుమ విత్తారు. క్యాబేజీ మాట చెబుతుంటే నా చెయ్యి ఆగిపోయింది. రాయవయ్యా, చదివినంతసేపైనా వాడికి తండ్రి ఉండాలి అంది. అసలు భయం వేరు, నిజం తెలిస్తే నువ్వు పార పట్టుకుని యుంగ్ కోసం వస్తావని. వాడిక్కడ లేడు. తన తమ్ముడే మీ నాన్నని కొట్టాడని, పరుగెత్తి వస్తూ దూరం నుంచి తాను చూశానని, కుయ్‌షియాన్ పోలీసులకి చెప్పింది. ఆమె పుట్టింటివాళ్ళు తలుపు తీయడం లేదు. నీకు ఎవర్నైనా కొట్టాలనుంటే నేనున్నాను. నాకూ నీ మీద కోపం ఉంది, అబద్ధమాడను. రాత్రిళ్ళు చెయ్యి పీకుతుంటే నిన్నే తిట్టుకుంటాను.

కానీ సోయా అదను దాటిపోతోంది. ఊరి పెద్ద తన గుర్రాన్నిస్తానన్నాడు. ఒక చేత్తో నేను గుర్రాన్ని నడిపించగలను, నాగలి పట్టలేను. మీ అమ్మ అతకని ఎముకతో నిన్న మేడి పట్టింది. నాలుగడుగులు వేసి బురదలో పడింది. లేపబోతే, నీ చెయ్యి నువ్వు చూసుకో అని నా మీద అరిచింది.

ఈరోజు కూడా వాన పడుతోంది. ఈ నేల ఎండేదాకా ఆగితే ఏమీ మిగలదు, తడిలోనే విత్తాలి. వచ్చెయ్.