నీలం దారం కట్టిన చెప్పులు

1981 ఏప్రిల్ 16, గురువారం

చెప్పులకి కుంకుమ. నా కళ్ళతో నేను చూశాను. ఇంకా నమ్మబుద్ధి కావటం లేదు.

పొద్దున బడికి వెళ్తూ రేవు షెడ్డు దగ్గర ఆగాను, రోజూ ఆగినట్టే. యారాడ వైపు వెళ్ళే పడవ కోసం జనం కూర్చునే షెడ్డు అది. చలికాలంలో దాని గోడ మీద, పడవల మీద పేర్లు రాసే ఖాదర్ గారూ నేనూ బొమ్మ వేశాం. బొమ్మ నాది, అక్షరాలు ఆయనవి — పుస్తకాలకైనా గోడలకైనా ఎన్నో ఏళ్ళుగా మా పద్ధతి అదే. గుడి వాకిలి, మసీదు వాకిలి, చర్చి వాకిలి. దేవుడి ముఖం ఎక్కడా వేయకూడదని మొదట్లోనే ఒప్పందం. వాకిళ్ళ ముందు విడిచిన చెప్పులు మాత్రమే. అవి కూడా ఒకరివి ఒకరి వాకిట్లో. చర్చి ముందు నా హవాయి చెప్పులు. మసీదు ముందు మా నర్సు సుగుణమ్మ తెల్ల బూట్లు. గుడి ముందు ఖాదర్ గారి టైరు చెప్పులు, తెగిన పట్టీకి ఆయన కట్టుకున్న నీలం వలదారంతో సహా. కింద ఆయన రాసిన మాట: 'మీ పక్కన కూర్చున్నవారిని అడగండి. మీ ఇంట్లో దేవుణ్ణి ఎలా పిలుస్తారు?'

అడిగేవారు కూడా! వెటకారంగా మొదలుపెట్టి, పడవ వచ్చినా లేవకుండా మాట్లాడుకున్న వాళ్ళని చూశాను.

ఈ రోజు ఎవరూ ఎవర్నీ అడగటం లేదు. గుడి ముందరి చెప్పులకి పసుపు, కుంకుమ. గోడకి గుచ్చిన మందారాలు. కింద కొబ్బరి చిప్ప... కర్పూరం మసి వాకిలి గడప దాకా పాకింది.

మూడో తరగతి చేత మామిడిపండు బొమ్మ వేయించాలి. బోర్డు మీద చెప్పు వేశాను.

సాయంత్రం —

ఎవరు మొదలుపెట్టారో తెలిసింది. నూకాలమ్మ. యారాడ నుంచి చేపల గంప తెచ్చి మా వీధిలోనే అమ్ముతుంది. మొన్నటి గాలివానలో కొడుకు పడవ తిరిగి రాలేదట. షెడ్డులో కూర్చుని ఆ చెప్పులకి మొక్కుకుందట. కొడుకు తెల్లారేసరికి వచ్చాడు. అవి మనుషుల చెప్పులు నూకాలమ్మా అన్నాను. నవ్వింది.

"మనుసులవైతే ఎల్లినప్పుడు ఏసుకెళ్ళిపోరా? నాను సూసిన కాడి నుంచీ ఆడే ఉన్నాయి. గుడి కాడ ఇడిసినవి దేవుడి సెప్పులు కాక ఎవలివమ్మా?"

శ్రీరామనవమి పందిళ్ళు ఇంకా విప్పలేదు. పాదుకలు అందరి బుర్రల్లోనూ ఉన్నాయి.

ఏప్రిల్ 17

మా ఆయన పోర్టు నుంచి వచ్చాక చెప్పాను. కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వారు. కోతిని చేయబోతే దేవుడయ్యాడన్నమాట, అన్నారు. కంచం ముందు కూర్చున్నాక నవ్వు ఆగింది.

"ఖాదర్ గారికి చెప్పావా?"

లేదు. ఇవాళ శుక్రవారం. నమాజుకి వెళ్ళే మనిషికి ఏ ముఖం పెట్టుకుని చెప్పను...

ఏప్రిల్ 18

చెప్పాను.

చేపల రేవులో పడవ పక్కకి 'శ్రీ సత్తెమ్మతల్లి' అని రాస్తున్నారు. ఆ రేవులో ఏ దేవత పేరు పడవ మీద ఉన్నా సగం ఆయన చేతి రాతే. నేను చెప్తుంటే 'ల్లి' దగ్గర బ్రష్షు ఆగిపోయింది. వంగి తన కాళ్ళు చూసుకున్నారు. అవే చెప్పులు, అదే నీలం దారం. పాము మీద నిలబడ్డట్టు చప్పున విడిచేశారు. ఇసక నిప్పులా ఉంది. అలాగే నిలబడ్డారు.

"టీచరమ్మా, నాను తల వంచేది ఒక్కడికే. ఇప్పుడు నా సెప్పుల ముందర తలలు వంచుతున్నారంటే... రేపు ఆడి ముందర నానేటి సెప్పుకోవాల?"

చెప్పులు పాత పేపర్లో చుట్టి నా చేతికిచ్చారు. ఎక్కడన్నా పెట్టమ్మా, నా ఇంట్లో వద్దు. తెచ్చి మంచం కింద పెట్టాను. ఆ మంచం మీద పడుకోవటానికి నాకే ఏదోలా ఉంది. చూశావా, నాకు కూడా!

ఏప్రిల్ 19

బజారులో ఎదురయ్యారు. ఉత్త కాళ్ళతో. తారు రోడ్డు కరుగుతోంది.

ఏప్రిల్ 21

సుగుణమ్మ డ్యూటీ దిగి వచ్చింది. ముందు ఆట పట్టించింది — తన తెల్ల బూట్లకి ఒక్క పువ్వైనా ఎవరూ పెట్టలేదట, అంత తీసిపోయాయా అని. తర్వాత మా ఆయనతో కలిపి ముగ్గురం కూర్చున్నాం, తలుపు దగ్గరగా వేసుకుని, గొంతు తగ్గించి. చెప్పేయాలని సుగుణమ్మ. చెబితే? గుడి వాకిట్లో ఎవరి చెప్పులకి మొక్కారో తెలిస్తే కొందరికి రక్తం మరుగుతుంది. ఖాదర్ గారి ఇల్లు రేవుకి రెండు వీధుల అవతల. ఆయనకి ఏమన్నా అయితే?

ఊరందర్నీ నోరు విప్పి మాట్లాడుకోమని గోడ మీద రాసినవాళ్ళం. తలుపు వేసుకుని గుసగుసలాడుతున్నాం. సిగ్గేసింది.

ఏప్రిల్ 23

ఇవాళ బడికి ఆఖరి రోజు. తిరిగొస్తూ షెడ్డులో చాలాసేపు నిలబడ్డాను.

బల్ల మీద ఎవరూ కూర్చోవటం లేదు. దేవుడి ఎదుట ఎలా కూర్చుంటారు? తమ చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని, వరసగా నిలబడుతున్నారు. ఒక టోపీ ముసలాయన వచ్చి, చూసి, ఎండలోకి వెళ్ళి నిలబడ్డాడు పడవ కోసం. ఇదివరకు ఆ మూల కూర్చుని అందరికన్నా ఎక్కువ మాట్లాడేది ఆయనే.

కుంకుమ కన్నా ఇదే నన్ను ఎక్కువ కొట్టింది. మొక్కు మొదలైతే మాట ఆగిపోతుందా?

ఏప్రిల్ 25

సున్నం కొట్టేయమన్నారు మా ఆయన. నానబెట్టాను కూడా. ఖాదర్ గారు ఒప్పుకోలేదు. సున్నం కొడితే అబద్ధం మీద దుప్పటి కప్పినట్టేనమ్మా, నిజం రాద్దాం అన్నారు. ఆ మాటకి నాకు భయమేసింది. ఆయన ముఖంలో మాత్రం ఇన్నాళ్ళకి కాస్త తెరిపి.

చెప్పులు అడిగి తీసుకున్నారు.

ఏప్రిల్ 26, ఆదివారం

వరసగా రాయాలి.

పొద్దున్నే ఆయన రాశారు. పడవల మీద రాసే లావుపాటి అక్షరాలు, నీలం రంగు, గుడి చెప్పుల కింద: 'ఇవి ఖాదర్ చెప్పులు. పాతవి. పట్టీ తెగితే దారం కట్టాను.' రాసి, చెప్పులు తొడుక్కుని, బొమ్మ పక్కన నిలబడ్డారు. నేను ఒక పక్క, సుగుణమ్మ ఒక పక్క.

జనం చదివారు. గోడ చూశారు, కాళ్ళు చూశారు. అదే దారం, అదే ముడి. పోర్టు ఖాకీ చొక్కా కుర్రాడొకడు ముందుకొచ్చాడు.

"గుడి కాడ సాయిబు సెప్పులెట్టి మా సేత మొక్కించినారా?"

"నాను మొక్కమన్లేదు బాబూ. అడగమన్నాను," అన్నారు ఖాదర్ గారు. గొంతు చాలా మెల్లగా.

ఆ కుర్రాడి పిడికిలి బిగిసి ఉంది. అయిపోయింది అనుకున్నాను. అప్పుడు గంప పక్కన పెట్టి నూకాలమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. గోడని చూసింది. ఆయన ముఖం చూసింది. వంగి, ఆయన రెండు కాళ్ళూ పట్టుకుని కళ్ళకద్దుకుంది.

ఖాదర్ గారు నిప్పు తొక్కినట్టు ఎగిరి వెనక్కి గెంతారు. అస్తగ్‌ఫిరుల్లా అని దేవుణ్ణి క్షమాపణ వేడుకుంటూ, చెప్పులు అక్కడే వదిలేసి, ఉత్త కాళ్ళతో దాదాపు పరిగెత్తారు. ఆ వయసులో! పిడికిలి బిగించిన కుర్రాడు కూడా నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

నేనూ అంతే. ఆయన వెనక వెళ్ళాలని కూడా తోచలేదు.

ఏప్రిల్ 27

చెప్పులు గోడ కింద అరుగెక్కాయి. కడిగి, బొట్టు పెట్టి, దీపం. ఇప్పుడు బొమ్మ చెప్పులు కాదు, అసలు చెప్పులే.

ఎవరో గోడ మీద 'ఖాదర్' అన్న ఒక్క మాట మేకుతో గీకేశారు. మిగిలినది అలాగే ఉంచారు. 'ఇవి — చెప్పులు. పాతవి.'

మొక్కేవాళ్ళకి మనిషి అక్కర్లేదు, గీకినవాళ్ళకీ అక్కర్లేదు. నిజం చెబితే రెండు వైపులా ఎంత తేలిగ్గా సర్దుకున్నారు!

ఏప్రిల్ 29

ఖాదర్ గారు తలుపు తియ్యలేదు. వాళ్ళావిడ కిటికీలోంచి మాట్లాడింది. మసీదు పెద్దలు వచ్చారట. టీ తాగారట. కటువుగా ఒక్క మాట అనలేదట, కనుక్కుని వెళ్ళారట. అంతే. కానీ ఆయన అప్పటినుంచీ మసీదుకి పోవటం లేదు, ముందు వరసలో నిలబడే మనిషి. నమాజు ఇంట్లోనే చదువుకుంటున్నారు. బ్రష్షులు కడగలేదు, ఎండి కట్టెలయ్యాయి. సోమవారం ఎలమంచిలి కూతురింటికి వెళ్ళిపోతారట.

మళ్ళీ ఎప్పుడు వస్తారని అడిగాను. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆయన లేకుండా నేను బొమ్మ వేసి ఏం చేసుకోను? నా బొమ్మలు ఊరికే బొమ్మలు. వాటికి నోరు ఆయన అక్షరాలే. ఏడుపొస్తోంది, రాస్తే ఆగుతుందేమో అని రాస్తున్నాను.

మే 1

కోపం పట్టలేక పడవెక్కి యారాడ వెళ్ళాను. నూకాలమ్మ గుమ్మంలో చేపలు తోముతోంది. అంతా చెప్పాను. నువ్వు మొక్కావు, ఆయన మసీదు పోయింది, ఊరు పోతోంది, పని పోయింది. కఠినంగానే అన్నాను. తలెత్తకుండా విన్నది. ఆఖర్న —

"ఏటి, ఆయన కాళ్ళకి సెప్పుల్లేవా ఇప్పుడు?"

ఇంతసేపు నేను చెప్పింది ఏమైనట్టు? లేచి వచ్చేశాను. పడవలో ఎవరితోనూ మాట్లాడలేదు.

మే 3

సుగుణమ్మ వచ్చింది. ఇద్దరం కూర్చుని బియ్యం ఏరాం.

మే 4, సోమవారం

మధ్యాహ్నం బండికి ప్రయాణం. సాగనంపుదామని పొద్దున్నే వెళ్ళాను. నన్ను చూసి ఈసారి తలుపు తీశారు. సంచీ సర్ది గుమ్మం పక్కన పెట్టి ఉంది. ఆయన గడప మీద కూర్చున్నారు. అరికాళ్ళకి బొబ్బలు.

గంప లేకుండా నూకాలమ్మ వచ్చింది. ఆవిణ్ణి చూడగానే ఆయన కాళ్ళు లుంగీ కిందకి లాగేసుకున్నారు. ఆవిడ దూరంగానే చతికిలబడి, కొంగులోంచి కొత్త టైరు చెప్పులు తీసి నేల మీద పెట్టింది.

ఎంత పెద్దవో! ఏనుగుకి కుట్టించినట్టున్నాయి. నాకు అర్థమయ్యేసరికి నవ్వు ఆపుకోలేకపోయాను. అరుగు మీది అసలు చెప్పులు ముట్టుకోలేక, గోడ మీది బొమ్మకి కొలత తీసి కుట్టించింది. నేను వేసినది అసలుకి రెండింతలు. ఖాదర్ గారు చెప్పులు చూశారు, నన్ను చూశారు. నవ్వారు. పద్దెనిమిదో తేదీ నుంచి ఆ నవ్వు చూడలేదు నేను.

"నాను మొక్కడానికి తేలేదు బాబూ. కాళ్ళు కాల్తన్నాయని తెచ్చినాను," అంది నూకాలమ్మ.

గోడ మీద ఏటి రాసినారు, అని అడిగింది తర్వాత. తనకి చదువు రాదు, ఇన్నాళ్ళూ ఎవరూ చదివి వినిపించలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన చదివి చెప్పారు, ఒక్కో మాటా. ఆవిడ కాస్త ఆలోచించింది.

"అయితే నాను అడగొచ్చా? మీ ఇంట్లో దేవుడి కాళ్ళకి మొక్కరా?"

"మా దేవుడికి కాళ్ళున్నాయని మేమనుకోం నూకాలమ్మా."

"మరి ఆ గాలిలో నడిసెల్లి మా గుంటణ్ణి ఎవలు తెచ్చినారు?"

ఆయన చాలాసేపు సంచీ వైపు చూస్తూ కూర్చున్నారు. కానీ లేచి లోపలికి వెళ్ళలేదు.

నూకాలమ్మ కొంగు ముడిలోంచి వలదారం ముక్క తీసింది. నీలందే. ఇవి తిరిగి ఇచ్చేసి సరైనవి కుట్టిస్తుందట, కొలత కావాలట. కొలవాలంటే కాలు ముట్టుకోవాలి. అది ఆవిడకీ తెలుసు, ఆయనకీ తెలుసు. దండం ఎట్టను బాబూ, కొలుత్తాను అంతే, అంది. దారం రెండు చేతులా పట్టుకుని వంగింది.

మాకు కొళాయి వచ్చే వేళ దాటిపోతోంది. లేచి వచ్చేశాను. వీధి మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ దారం పట్టుకుని అలాగే వంగి ఉంది. ఆయన కాళ్ళు ఇంకా లుంగీ కిందే ఉన్నాయి.