జత కుదిరిన మెమరీ

అక్కా,

శనివారం స్టేషనుకి రాకు. నేను రావడం లేదు. నాకోసం ఖాళీ చేసిన గదిలో బావని మళ్ళీ కుర్చీ వేసుకోమను. నవ్వాగక అక్షరాలు వంకర పోతున్నాయి, సర్దుకుని చదువుకో.

గొడవంతా మా స్టూడియోలో పాత కంప్యూటర్ గురించేగా. ఒక్క ఫొటో తెరుచుకునేలోపు కూర ఉడికిపోయేది. మెమరీ పెంచుదామని నేను, తుక్కుకి వేసేద్దామని మీ మరిది. వారంగా మాటల్లేవు. "మీ అబ్బాయిని భోజనానికి రమ్మనండి" అని అత్తయ్యతో కబురు పెట్టడమే.

ఇవాళ పంతం పట్టి నేనే కొట్టుకెళ్ళాను. "కొత్తరకం వద్దండి, గాడి సరిపోదు. పాతదాని మీద ఏం రాసుందో అచ్చం అదే వెయ్యాలి. జతగా వేస్తే ఇంకా జోరుగా ఉంటుంది" అన్నాడు కొట్టతను, నిన్ననే నేను పాతదాని మీంచి రాసుకున్న కాగితం చూసి. కానీ అతని దగ్గర ఒక్కటే మిగిలింది. రెండోది పొద్దున్నే ఎవరో పట్టుకుపోయారట.

ఇంటికొచ్చి, అత్తయ్య టార్చి పట్టుకుంటే మూత విప్పాను. ఖాళీగా ఉండాల్సిన రెండు స్లాట్లలో ఒకదాంట్లో కొత్త మెమరీ మెరుస్తోంది. దాని మీది చీటీ చదివితే, నా చేతిలో ఉన్నదానికి కవల.

"పొద్దున వాడికీ నేనే పట్టాను టార్చి" అంది అత్తయ్య తాపీగా. "నీకు చెప్పొద్దని వాడన్నాడు. వాడికి చెప్పొద్దని నువ్వన్నావు. ఇంక నేనెవరికి చెప్పను?"

ఇప్పుడు ఫొటోలు రెప్పపాటులో తెరుచుకుంటున్నాయి. మీ మరిది నా పెట్టెలోంచి బట్టలు తీసి బీరువాలో సర్దుతున్నారు. మడతలన్నీ తప్పే. ఆయన అటు వెళ్ళాక మళ్ళీ మడతపెట్టుకుంటాను.

నీ చెల్లి